తలుపు మీద చింతతోపు

మా ఇంట్లో అనుమానం తరతరాలుగా వస్తున్న ఆస్తి. పొలం పంచుకున్నప్పుడు చిన్నాయనలకు తలా కొంత పోయింది గానీ, అనుమానం మొత్తం మా నాయన వాటాకే వచ్చింది. సంతలో బస్తా కొంటే ఆయన మూతి దగ్గర చూసి ఊరుకోడు, మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగున ఉన్నవి తీసి చూస్తాడు. బస్సెక్కితే డ్రైవర్ కళ్ళు ఎర్రగా ఉన్నాయేమో చూశాకే కూర్చుంటాడు. ఆయన ఎవరినీ నమ్మడు. ఆయన కొడుకును గనక నేను ఆయన్ని కూడా నమ్మను. మా ఇద్దరి మధ్యా అమ్మ ఎట్లా కాపురం చేసిందో ఆమెకే తెలియాలి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అనంతపురం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఊరు కళ్యాణదుర్గం నుంచి ఇంకా లోపలికి, ఆటోలో ఒక కాలు బయట పెట్టుకుని పోవాల్సిన చోట ఉంది. నా గదిలో ఉండే స్నేహితుడిది కదిరి వైపు పల్లె. వాడి అన్న బెంగుళూరులో ఏదో కంపెనీలో పని చేసేవాడు. అక్కడ ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికితే, తమ్ముడికి బొమ్మలంటే ఇష్టమని పంపించాడు. అది ఒక ఆటకు సంబంధించిన రూల్సు పుస్తకం. బల్ల మీద రెండు సైన్యాలు నిలబెట్టాలి. వేలెడు బొమ్మలు. మనుషులు, పొట్టివాళ్ళు, దయ్యాలు, రెక్కల రాక్షసులు. ఒకరి తర్వాత ఒకరు స్కేలుతో కొలిచి సైన్యాన్ని నడిపిస్తారు, ఎదురుపడినప్పుడు పాచికలు వేసి ఎవరు చచ్చారో తేలుస్తారు. అంతే ఆట.

ఆ బొమ్మలు మనకెక్కడ దొరుకుతాయి? మీ అమ్మ చింతపండు ఒలిచి పారేసిన గింజలున్నాయి కదా అన్నాడు వాడు. బంకమట్టి ముద్దలో గింజను నిలబెట్టి ఎండబెడితే సైనికుడు. నల్ల గింజలు వాడి దయ్యాలు, సున్నం పూసినవి నా మనుషులు. రెండు గింజలు కలిపి అతికిస్తే రాక్షసుడు. ప్రతి ఆదివారం మా ఊరికి వచ్చేవాళ్ళం. హాస్టల్లో ఆడితే నవ్వుతారని ఒక కారణం, మా అమ్మ చేసే సంగటి, శెనక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి వాడికి ప్రాణమని రెండో కారణం. ఈ రెండో కారణమే అసలుదని నాకు మొదటి నుంచీ అనుమానం.

కూలిపోయిన గొడ్లపాక తలుపు ఒకటి ఇంట్లో మూల పడి ఉండేది. దాన్ని వసారాలో రెండు బండల మీద అడ్డంగా వేస్తే అదే మా యుద్ధభూమి. పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగం చెట్టూ చేమా గురించినది. బల్ల మీద పెట్టే గుట్ట, అడవి, ఏరు ఉత్త అలంకారం కాదు. ఒక్కోదానికి ఒక్కో ప్రత్యేకమైన రూలు. అడవిలో దూరితే నడక సగమవుతుంది, మంచులో కాలు జారుతుంది, బురదలో గుర్రం దిగబడుతుంది. ఏరు దాటడానికైతే పేజీలకు పేజీలు రాశారు.

ఒక ఆదివారం నాయన చేను నుంచి వచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ మా వెనక నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. మేము నీలం పెయింటు పూసిన అట్టముక్కను ఏరు అనుకుని, దాన్ని దాటలేక రెండు సైన్యాలూ అవస్థపడుతున్నాం.

"ఏందప్పా అది?" అన్నాడు.

"నది మామా. దాటను కావట్లేదు," అన్నాడు నా స్నేహితుడు. వాడు మా నాయనను మామా అనీ, అమ్మను అత్తా అనీ పిలిచేవాడు.

"నదా! యాడ చూసినావు నువ్వు నీళ్ళుండే నదిని? మన పెన్న దాటాలంటే చెప్పులు గూడ విప్పబన్లేదు. ఈ పుస్తకం రాసినోడు మన పక్క రాలేదులే."

వెక్కిరించి పోతాడనుకున్నాను. పోలేదు. గోనెపట్టా లాక్కుని కూర్చుని, అది నది కాదు, వంక అన్నాడు. వంకకు రూలు ఆయనే చెప్పాడు. మామూలుగా ఎండిపోయే ఉంటుంది, ఎవరైనా దాటొచ్చు. కానీ యుద్ధంలో ఎవరికైనా రెండు పాచికల మీదా ఒకేసారి ఒకటి పడిందంటే, ఎగువన ఎక్కడో కురిసిన వాన వంకలోకి వచ్చేస్తుంది. అప్పుడు వంకలో ఎవరుంటే వాళ్ళు కొట్టుకుపోతారు. "వాన ఈడ పడబన్లేదు. యాడో పడతాది, ఈడ మనిషి పోతాడు," అన్నాడు. తర్వాత గుట్టకు రూలు చెప్పాడు. పుస్తకంలో గుట్టెక్కినవాడికి అన్నీ లాభాలే. మా నాయన లెక్కలో గుట్టెక్కినవాడికి దూరం కనిపిస్తుంది గానీ, మధ్యాహ్నం నల్లబండ మీద ఎక్కువసేపు నిలబడితే అరికాళ్ళు బొబ్బలెక్కి దిగేటప్పుడు సగమే నడవగలడు. శెనక్కాయ చేలో దాక్కున్నవాడి మీద అడవి పందులు పడతాయి. ఆయన చెప్పిన రూల్సన్నీ నా స్నేహితుడు బొగ్గుతో వసారా గోడ మీద రాశాడు. అమ్మ గోడ పాడైందని గొణిగింది.

ఆ తర్వాత నాయన ఆదివారాలు చేనికి పోవడం తగ్గించి, ఎర్రమన్ను పూసిన గింజలతో తనకూ ఒక సైన్యం పెట్టుకున్నాడు. పాచికలను నమ్మేవాడు కాదు. వాటిని అంగడి నుంచి తెచ్చింది నా స్నేహితుడు కాబట్టి అందులో ఏదో మతలబు ఉంటుందని, ఇత్తడి చెంబులో వేసి గిలకొట్టి కుమ్మరించాలని కొత్త కట్టుబాటు పెట్టాడు. నేను ఆయన చెంబు పట్టుకునే తీరును అనుమానించాను. నా స్నేహితుడు మాత్రం ఇద్దరినీ చూసి నవ్వేవాడు. వాడికి ఎవరి మీదా అనుమానం లేదు. అట్లాంటి మనిషిని మా వసారాలో అంతకుముందు చూడలేదు.

బోరుకు రూలు పెడదామన్నది వాడే. బల్ల మీద ఎక్కడైనా ఒక సైనికుణ్ణి నిలబెట్టి బోరు వేయొచ్చు. ఆరు పడితే నీళ్ళు. నీళ్ళు పడితే చచ్చిపోయిన సైన్యంలో సగం తిరిగి లేస్తుంది. నాయన విరగబడి నవ్వాడు. మాకు అప్పటికే వేసి ఎండిపోయిన బోర్లు రెండు ఉన్నాయి. పిల్లలు పడతారని వాటి నోళ్ళ మీద బండలు పెట్టి ఉంచాం.

"ఒక్క ఆరుకే నీళ్ళా? అట్లయితే ఈ జిల్లాలో అందరం వరి పండిస్తాంటిమి," అన్నాడు. "రాసుకో అల్లుడా. మొదటి ఆరుకు తడిమట్టి వస్తాది. తడిమట్టి చూసి మనిషికి ఆశ పుడతాది. దాని వెనకాలే మళ్ళా ఆరు పడితేనే నీళ్ళు. పడకపోతే దుమ్ము. మళ్ళా వేయాలంటే మీ సైన్యంలో ఒకర్ని మీరే తీసి పక్కన పెట్టాల."

ఆ రూలు విన్నప్పుడు నాకు మా నాయన మీద గౌరవం కలిగింది. రెండు ఎండిన బోర్లు ఆయనకు నేర్పిందంతా ఆ రూలులో ఉంది. ఇంక ఈ మనిషి మూడో బోరు జోలికి పోడని నిశ్చింతగా అనంతపురం బస్సెక్కాను. నిశ్చింత అనేది మా వంశంలో ఎవరికీ అచ్చిరాలేదు.

ఆ పై ఆదివారం నేనొక్కణ్ణే వచ్చాను. నీళ్ళు చూసేవాడు ఒకడు ఊళ్ళోకి దిగి ఉన్నాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేలో నడుస్తాడు. కింద నీళ్ళుంటే టెంకాయ దానంతటదే లేచి నిలబడుతుందట. నాయన వాణ్ణి మా చేనికి పిలిచాడు. "నమ్మి కాదులే, వాని దొంగతనం బయట పెడదామని," అన్నాడు నాతో. నేను తోడు పోయాను. వాడు గట్టు దగ్గర చెప్పులు విప్పాడు. భూమితల్లి మీద చెప్పులతో నడిస్తే నీళ్ళు పలకవన్నాడు. ఆ చెప్పులు విప్పడం నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో ఆ రోజు చెప్పలేకపోయాను.

చేను మూలలో టెంకాయ లేచి నిలబడింది. బోరుకు పాయింటు ఇదేనన్నాడు. అప్పుడు నాయన తన పరీక్ష మొదలుపెట్టాడు. మా ఊళ్ళో అనుమానం ఉన్న రైతులంతా చేసే పరీక్షే అది. నీళ్ళు చూసేవాణ్ణి అటు తిరగమని చెప్పి, టెంకాయ లేచిన చోట చిన్న గుంత తీసి గులకరాయి ఒకటి పాతిపెట్టి, పైన మన్ను సర్ది, పైకి ఏమీ కనబడకుండా చేత్తో చదును చేశాడు. తర్వాత వాడి కళ్ళకు తన తువ్వాలు కట్టాడు. వేళ్ళు పెట్టి సందు ఉందేమో చూశాడు. చేయి పట్టుకుని గుండ్రంగా తిప్పి, ఇంకో వైపు గట్టు నుంచి వదిలాడు. వాడు మెల్లగా, అడుగు లాగి లాగి వేస్తూ వచ్చాడు. టెంకాయ లేచి నిలబడింది. నాయన వాడి కాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూలబడి గోళ్ళతో మన్ను తవ్వాడు. గులకరాయి అక్కడే ఉంది.

నాయన ఆ రాయిని అరచేతిలో పెట్టుకుని నా వైపు చూసి నవ్వాడు. ఎవరినీ నమ్మని మనిషి ఒకణ్ణి నమ్మితే ఎట్లా ఉంటుందో నేను అప్పుడే చూశాను. నాకు భయమేసింది.

"ఏం పెట్టి వేస్తావు బోరు?" అంది అమ్మ ఆ రాత్రి సంగటి పెడుతూ.

"చూస్తాంలే," అన్నాడు.

చూడడానికి మా దగ్గర మిగిలింది ఏముంది? చేను పక్కన వంక గట్టు మీద చింతచెట్లున్నాయి. అవి అమ్మవి. కాపురానికి వచ్చిన ఏడు అమ్మ నాటిన మొక్కలు. వంకలో చెలమ తవ్వి, కడవతో నీళ్ళు మోసి బతికించిందట. ఎండాకాలం వస్తే కాయ దులిపించి, ఒలిచి, గింజ తీసి, ముద్దలు చేసి అమ్మేది. ఆ పండు అమ్మితే వచ్చిన దానికి ఇంట్లో ఎవరూ లెక్క అడిగేవాళ్ళు కాదు. ఆమె చెవులకున్నవి, నా హాస్టల్ ట్రంకుపెట్టె, వానలు లేనప్పుడు మా కడుపులోకి పోయిన సంగటి, అన్నీ ఆ చెట్లవే. మేము ఆడుకునే సైన్యాలు కూడా వాటి గింజలే.

మరుసటి ఆదివారం నా స్నేహితుడితో కలిసి వచ్చాను. ఆట మొదలుపెట్టగానే నాయన గోడ దగ్గరికి పోయి బోరు రూలు దగ్గర వేలు పెట్టాడు.

"దీన్ని కొంచెం మార్చాల," అన్నాడు. "పాయింటు తెలియనోనికే రెండు ఆర్లు. పాయింటు తెలిసినోనికి ఒక్క ఆరు చాలు."

ఆ రూలు పెట్టింది ఆయనే, సడలిస్తున్నదీ ఆయనే. నేను ఒప్పుకోనన్నాను. ఆయన ఆడుతున్న తీరు కూడా నాకు నచ్చలేదు. ఊరికే నిలబడి ఉంటే గెలిచే యుద్ధంలో, బల్ల మూల ఒక సైనికుణ్ణి పెట్టి బోరు వేశాడు. దుమ్ము. ఒకణ్ణి తీసి పక్కన పెట్టి మళ్ళీ వేశాడు. దుమ్ము. రాక్షసుణ్ణి తీసి పక్కన పెట్టాడు. నా స్నేహితుడి దయ్యాలు ఏమీ చేయకుండానే గెలిచాయి. బల్ల మీద ఆయన బోరు వేస్తున్న మూల మా చేను మూలలాగే ఉందని నాకొక్కడికే తట్టింది.

అదే మధ్యాహ్నం కట్టెల వ్యాపారి ఒకడు టీవీయస్ బండి మీద వచ్చాడు. ఇటుక బట్టీలకు కట్టెలు తోలేవాడు. నాయనతో ఏదో గుసగుసలాడి వంక వైపు పోయాడు. నీళ్ళు తెస్తున్న అమ్మ దారిలో చూసింది, ఆ మనిషి చింతచెట్టు మొదలును రెండు చేతులా కౌగిలించుకుని ఎంత లావుందో చూస్తున్నాడు. ఆమె ఇంటికి వచ్చి బిందె దించింది. ఎప్పుడూ మా ఆట వైపు కన్నెత్తి చూడని మనిషి నేరుగా మేము ఆడుతున్న తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏమప్పా, దీంట్లో చెట్లకు రూలుండాదా?" అని నా స్నేహితుణ్ణి అడిగింది.

"ఉండాది అత్తా. అడవిలో పోతే నడక సగమవుతాది."

"అడివి కాదు. చింతతోపు. నేను చెప్తా, రాయి. చింతతోపును ఎవురూ నరకగూడదు. కాల్చగూడదు. ఏ సైన్యమైనా సరే, ఎంత కష్టమొచ్చినా సరే. దాని నీడన నిలబడినోళ్ళని ఎవురూ కొట్టగూడదు."

వాడు బొగ్గు పట్టుకుని నాయన వైపు చూశాడు. అమ్మ కూడా నాయన వైపే చూసింది. "ఏమయ్యా, సరేనా? ఆడేవాళ్ళంతా ఒప్పుకుంటేనే గదా రూలు?"

నాయన చెంబులోకి చూస్తూ, "రాయి," అన్నాడు. ఆమె మొహం చూడలేదు. వాడు రాశాడు. అమ్మ ఐదో తరగతి దాకా చదువుకుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, తప్పు లేదని తేల్చుకున్నాకే లోపలికి పోయింది. నాకు మాత్రం నాయన అన్న ఆ ఒక్క మాట మీద నమ్మకం కుదరలేదు. బేరం తెగకముందు వ్యాపారికి చెప్పే మాటలాగా ఉంది.

ఆ వారం మధ్యలో అమ్మ కదిరి పక్క మా మేనమామ వాళ్ళ ఊరికి జాతరకు పోయింది. ఆ సంగతి నాకు తర్వాత గానీ తెలియలేదు. తెలిసి ఉంటే కాలేజీ ఎగ్గొట్టి వచ్చి గట్టు మీద కూర్చునేవాణ్ణి.

మళ్ళీ ఆదివారం మేము వచ్చేసరికి అమ్మ తిరిగి వచ్చి ఉంది. మాకు సంగటి పెట్టింది గానీ ఒక్క మాట మాట్లాడలేదు. మేనమామతో ఏదో మాటామాటా అయి ఉంటుందని అనుమానించాను. అనుమానించేవాడికి ఉండే దరిద్రం ఇదే, ఇంట్లో దొంగను వదిలేసి పక్కింట్లో వెతుకుతూ ఉంటాడు. నాయన అంతకుముందు ఎన్నడూ లేనట్టు మాకంటే ముందే తలుపును బండల మీదికి ఎక్కించి, దాని మీద వంక ఇసుక జల్లెడ పట్టి పరిచి ఉంచాడు. మట్టి దిమ్మల్లో గుచ్చిన కొత్త చెట్లు కూడా తయారుగా ఉన్నాయి. ఆకు దూసిన చింతపుల్లలతో చేశాడు. కొమ్మలు రెమ్మలు ఎంత సన్నగా ఉన్నాయంటే, అచ్చం తోపును దూరం నుంచి చూసినట్టే ఉంది.

"ఎంత బాగా చేసినావు మామా!" అన్నాడు నా స్నేహితుడు.

నేను ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాను. చింతచెట్టుకు అంత సన్నటి కొనలు చిటారునే ఉంటాయి. కింది కొమ్మలకు రావు. మా నాయన చెట్టెక్కడం మానేసి చాలా ఏళ్ళయింది. గోటితో గీకితే బెరడు కింద ఇంకా పచ్చగా ఉంది.

"యాడివి నాయనా ఈ కొనలు?"

"గాలికి పడింటే ఏరుకొచ్చినా."

గాలికి విరిగిన కొమ్మకు పీచు లేస్తుంది. వీటికి కొడవలి పడింది, ఏటవాలుగా, నున్నగా. నేను లేచి నిలబడ్డాను. "చేను దాకా పోయొస్తా," అన్నాను.

"ఆడేముందిరా? ఎండ. కూర్చో, ఆడుకుందాం," అన్నాడు. మా నాయన నన్ను ఆటకు పిలవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆ పిలుపులో ఏదో ఉంది. కాదనలేక కూర్చున్నాను. ఇప్పటికీ అనుకుంటాను, ఆయన అప్పుడు ఆడుకోవాలనుకోలేదు, నన్ను కదలనివ్వకూడదనుకున్నాడు అంతే.

బోరు రూలు మీద గొడవ మిగిలే ఉంది కదా. దాన్ని తేల్చడానికి నా స్నేహితుడు బస్సులో ఒక ఉపాయం ఆలోచించుకుని వచ్చాడు. పాయింటు తెలిసినవాడికి ఒక్క ఆరు చాలన్నది మామ మాట. సరే, అయితే పాయింటు నిజంగా కనిపెట్టాలి. ఒకరు ఇసుకలో గోలీ పాతిపెడతారు. ఇంకొకరు కళ్ళకు గుడ్డ కట్టుకుని ఒక్క వేలితో ఇసుక మీద రాస్తూ వెతకాలి. వేలు ఆగిన చోట గోలీ ఉంటే పాయింటు దొరికినట్టు.

"మొదట నాకు కట్టు మామా," అన్నాడు.

నాయన తువ్వాలు కట్టాడు. సందు చూశాడు. నేను బల్ల మధ్యలో గోలీ పాతి, పైన ఇసుక సర్ది, చేత్తో చదును చేశాను. వాడి వేలు ఇసుక మీద ఊరికే పాకి, పాకి, సరిగ్గా దాని మీద ఆగింది. నాకు కోపమొచ్చింది. తువ్వాలు విప్పి ఎండకు పట్టి చూశాను. మళ్ళీ నేనే కట్టి, ఈసారి అంచున పాతాను. మళ్ళీ దొరికింది.

"ఎట్లరా?" అన్నాను.

"ఇదేం మాయ కాదు," అన్నాడు వాడు నవ్వుతూ. "ఒకసారి కదిలించిన ఇసక మెత్తగా ఉంటాది. ఎంత సర్దినా వేలికి తెలుస్తాది. నేను గోలీని వెతకట్లేదు. నువ్వు తవ్విన చోటును వెతుకుతాండా."

నాయన తువ్వాలు అందుకుని, "మళ్ళా కట్టుకో," అన్నాడు. ఈసారి గోలీ తన గుప్పిట్లోనే ఉంచుకుని, ఉత్త ఇసుకను ఒకచోట వేలితో కదిలించి చదును చేశాడు. వాడి వేలు వచ్చి వచ్చి అక్కడే నిలబడింది.

"ఈడ ఉండాది," అన్నాడు వాడు కళ్ళగంతలు విప్పకుండానే.

అక్కడ ఏమీ లేదు. నాయన గుప్పిట తెరిచి గోలీని చూసుకున్నాడు. తర్వాత తల వంచి తన కాళ్ళు చూసుకున్నాడు. గట్టు దగ్గర విప్పిన చెప్పులు ఎందుకు నచ్చలేదో నాకు అప్పటికి అర్థమైంది. నీళ్ళు చూసేవాడి అరికాలికి దారి చూపించింది మా నాయన పెట్టిన పరీక్షే. గులకరాయి పాతకపోయి ఉంటే, మన్ను కదిలించకపోయి ఉంటే, వాడు ఆ చోటును రెండోసారి కనుక్కోగలిగేవాడే కాదు. ఎవరినైనా ఊరికే నమ్మేవాడైతే మోసపోయినా ఇంత గట్టిగా నమ్మి ఉండడు. అనుమానమే ఆయన్ని నిండా ముంచింది.

"నాయనా," అన్నాను, "బోరు వేయొద్దు. వాడు మోసగాడు."

ఆయన చేయి చాచి, తలుపు మీదున్న చింతచెట్లను ఒక్కొక్కటే పీకి ఒళ్ళో పెట్టుకోసాగాడు.

"ఏమిటికి మామా తీస్తాండావు? తోపు ఈడ ఉండాలి గదా," అన్నాడు నా స్నేహితుడు తువ్వాలు పైకి లేపుకుని.

"ఆడ తోపు లేదప్పా," అన్నాడు నాయన. "బుధవారం కొట్టేసినారు. బేస్తవారం బండి వచ్చి బోరు వేసింది." ఆయన గొంతు చాలా మామూలుగా ఉంది. ఆటలో ఎవరు చచ్చారో చెబుతున్నట్టే చెప్పాడు.

"నీళ్ళు?" అన్నాను. అడగక్కర్లేదని తెలిసే అడిగాను.

"తడిమట్టి గూడా రాలేదు. దుమ్ము."

నాకు ఆయన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది. ఆయన సొంత రూలు గోడ మీద ఉంది, దాన్ని చూపించి అరవాలనిపించింది. అంతలో వంటింటి గడప దగ్గర అలికిడైంది. అమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. పొద్దున్నే చేనికి పోయి వచ్చిందని, మొదళ్ళ మీద కూర్చుని వచ్చిందని తర్వాత పక్కింటావిడ చెప్పింది. మాకు సంగటి పెడుతున్నప్పుడే ఆమెకు అంతా తెలుసు.

అమ్మ వచ్చి నాయన ఒళ్ళోని చెట్లను చూసింది.

"పెట్టు," అంది.

నాయన తలెత్తాడు.

"యాడున్నవాట్ని ఆడ పెట్టు. ఈడ నరకగూడదు. రూలు రాసినప్పుడు రాయి అన్నావా, లేదా?" ఆమె గోడ మీద బొగ్గు అక్షరాలకేసి చెయ్యి చూపింది. "చేలో నీ ఇష్టమొచ్చినట్ల చేసినావు. ఈడ నీ ఇష్టం కాదు. పెట్టు."

నా స్నేహితుడు లేచి బయటికి పోబోయాడు. "నువ్వు కూర్చో అప్పా," అంది అమ్మ. వాడు కూర్చున్నాడు.

నాయన ఒక్కొక్క చెట్టునూ తీసి తలుపు మీద పెట్టాడు. వంక గట్టు మీద అవి ఏ వరసలో ఉండేవో అదే వరసలో పెట్టాడు. ఒకటి ఒరిగితే మట్టి దిమ్మ కింద ఇసుక సర్ది నిలబెట్టాడు. ఆయన వేళ్ళు అంత మెల్లగా కదలడం నేను ఎన్నడూ చూడలేదు. అమ్మ అన్నీ చూసి, ఒకదాన్ని కొంచెం ఇటు జరిపింది. తర్వాత గోనెపట్టా లాక్కుని మాతో పాటు కూర్చుంది. మా ఆట దగ్గర ఆమె కూర్చోవడం అదే మొదలు.

"ఇంక ఆడండి," అంది.

ఆడాం. ఎవరికీ మనసు లేదు, అయినా ఆడాం. నాయన బోరు వేయలేదు. ఆయన సైన్యం తొందరగానే తరిగిపోయింది. నా మనుషులు ఒకవైపు నుంచి, దయ్యాలు ఇంకోవైపు నుంచి తరుముతుంటే చివరికి నాలుగైదు గింజలు మిగిలాయి. ఆయన వంతు వచ్చింది. స్కేలు తీసుకుని కొలిచాడు. ఆయన సైనికులకు తోపు జానెడు దూరంలో ఉంది. దాని నీడన నిలబడినవాళ్ళను ఎవరూ కొట్టకూడదు.

ఆయన మా వైపు చూడలేదు. అమ్మ వైపు చూశాడు.

"మావోళ్ళని ఆడ నిలబెట్టనా?" అని అడిగాడు.

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత తనే చెయ్యి చాచి, ఆ చింతగింజలను ఒక్కొక్కటే తీసి చెట్ల కింద పెట్టింది.